చర్మపు లింఫోమా రిపోర్టులో “జన్యు పునర్వ్యవస్థీకరణ: పాజిటివ్” అని ఉంది. పిల్లలకు వస్తుందా?

పాతమచ్చ
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇవాళ రాయక తప్పట్లేదు.

ఆరేళ్లుగా నడుము కింద, తొడల లోపలి వైపు ఎర్రటి పల్చటి మచ్చలున్నాయి. మొదట తామర అన్నారు. తర్వాత ఎగ్జిమా, ఆ తర్వాత సోరియాసిస్. పూత రాస్తే తగ్గేవి, మానేస్తే అక్కడే మళ్లీ లేచేవి. రెండుసార్లు బయాప్సీ చేస్తే రెండుసార్లూ “ప్రత్యేకంగా చెప్పదగ్గదేమీ లేదు” అనే వచ్చింది. మూడోసారి మాత్రం “మైకోసిస్ ఫంగాయిడిస్, చర్మపు టీ కణ లింఫోమా” అని రాశారు.

దాంతో పాటు ఇంకో కాగితం ఇచ్చారు. “టీ కణ గ్రాహక జన్యు పునర్వ్యవస్థీకరణ: పాజిటివ్, క్లోనల్” అని ఉంది. దాన్ని మా అమ్మాయి చదివింది. పదో తరగతి. ఆ పూట ఏమీ అనలేదు. రాత్రి వచ్చి “నాన్నా, జన్యువు అంటే నాలోనూ ఉన్నట్టే కదా?” అంది. నా దగ్గర జవాబు లేదు. డాక్టరు గారితో మళ్లీ అపాయింట్‌మెంట్ పదకొండు రోజుల తర్వాత. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

రాత్రిడ్యూటీ
అన్నా, ముందు కాస్త ఊపిరి పీల్చుకోండి. లింఫోమా అంటే లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల క్యాన్సర్, వాటిల్లో ఇది బాగా నెమ్మదిగా నడిచే రకం. మిగతాది గాజుపలక మేడమ్ చెప్తారు, బయాప్సీ ముక్కల్ని గాజు పలక మీద పెట్టి చూసి జబ్బు తేల్చడమే ఆవిడ పని.

గాజుపలక
పాతమచ్చ గారూ, ముందు మీ అమ్మాయికి జవాబు: లేదు తల్లీ, ఆ కాగితంలో ఉన్నది నీలో లేదు. మీ నాన్నకు పుట్టుకతో వచ్చిందీ కాదు.

ఈ మాట ఎంతమందిని భయపెట్టిందో లెక్కలేదు. అసలు సంగతి ఇదీ. టీ కణాలంటే రోగాలతో పోరాడే ఒక రకం లింఫోసైట్లు. మన ఒంట్లో ప్రతి టీ కణం తయారయ్యేటప్పుడు తన గ్రాహకపు జన్యువును తానే కత్తిరించి అతుక్కుంటుంది. వీ, డీ, జే అని ముక్కల వరసలుంటాయి. ఒక్కో వరస నుంచి ఒక్కో ముక్క ఏరుకుని కలుపుతుంది, అతుకు దగ్గర నాలుగక్షరాలు కలిపేస్తుంది, నాలుగు కొరికేస్తుంది. అందుకే ఒక టీ కణం అతుకు ఇంకోదాని అతుకులా ఉండదు. ఇదే “పునర్వ్యవస్థీకరణ”. ఆరోగ్యంగా ఉన్న మీ అమ్మాయి ఒంట్లోనూ ఈ క్షణాన ఇది జరుగుతూనే ఉంది, కానీ అది జబ్బు కాదు. వీర్యకణానికో అండానికో దీంతో సంబంధమే లేదు కాబట్టి వారసత్వంగా దిగే ప్రశ్నా లేదు.

మరి పరీక్ష దేనికంటారా? మామూలు ఎగ్జిమా మచ్చలో వేర్వేరు అతుకులున్న టీ కణాలు సంతలోలా కలగాపులగంగా ఉంటాయి. లింఫోమా మచ్చలో ఒకే అతుకున్న కణాలు గుంపుగా దొరుకుతాయి, అంటే ఒకే తల్లి కణం పిల్లలన్నమాట. ఆ గుంపునే క్లోన్ అంటాం. పరీక్ష అడిగేది ఒక్కటే: ఇక్కడ ఒకే వంశం ఎక్కువగా ఉందా? “పాజిటివ్” అంటే ఉంది అని.

ఒక హెచ్చరిక. క్లోన్ కనపడితే చాలు క్యాన్సర్ అనుకోకూడదు. కొన్ని మామూలు చర్మవ్యాధుల్లోనూ కనపడుతుంది. తొలిదశ మైకోసిస్‌లో ఒక్కోసారి కనపడదు కూడా. రెండు వేర్వేరు చోట్ల తీసిన ముక్కల్లో ఒకే అతుకు దొరికితే మాత్రం నేను కుర్చీలో నిటారుగా కూర్చుంటాను. తీర్పు చెప్పేది గాజు పలకే, ఈ కాగితం సాక్షి.

పాతమచ్చ
మేడమ్, మీ పోస్టు మా అమ్మాయికి చదివి వినిపించాను. “అతుకు” దగ్గర ఆపి రెండుసార్లు చదివించుకుంది. మీకు చాలా రుణపడి ఉంటాం.

ఒక్క సందేహం, కోపంతో కాదు. మరి మొదటి రెండు బయాప్సీల్లో ఎందుకు దొరకలేదు?

గాజుపలక
కోపం వచ్చినా తప్పు లేదండీ. కానీ ఇది చాలామంది కథే. తొలిదశ రోగుల్ని దేశదేశాల్లో నమోదు చేసిన ప్రోక్లిపీ అధ్యయనంలో లక్షణాలు మొదలైనప్పటి నుంచి నిర్ధారణ దాకా మధ్యగత వ్యవధి 36 నెలలు. మూడేళ్లు! అవి నిపుణుల కేంద్రాల లెక్కలు.

మీరే చెప్పారుగా, పూత రాస్తే తగ్గేవి అని. స్టీరాయిడ్ పూత ఆ టీ కణాల్ని అణచేస్తుంది. పూత రాస్తూ ఉండగా ముక్క తీస్తే నా పలక మీదికి వచ్చేవి నాలుగైదు కణాలు. వాటి ముఖం చూసి ఏం చెప్పను? అందుకే బయాప్సీకి ముందు కొన్ని వారాలు పూత ఆపమంటాం. ఆ మాట రోగిదాకా చేరదు.

దొరికినప్పుడు ఎలా ఉంటుందో చెప్తాను. చర్మం పైపొర అడుగు వరసలో లింఫోసైట్లు పూసలు గుచ్చినట్టు నిలబడి ఉంటాయి. ఒక్కోదాని చుట్టూ సన్నటి తెల్లటి వలయం. ఎగ్జిమాలోనూ ఈ కణాలు పైపొరలోకి వస్తాయి, కానీ అక్కడ పైపొర నీరు పట్టి స్పాంజిలా ఉబ్బి ఉంటుంది. ఇక్కడ ఉబ్బు ఉండదు. పిలవని పేరంటానికి వచ్చి వరసగా కూర్చున్నట్టుంటాయి. కేంద్రకం మెదడులా మడతలు పడి ఉంటుంది. నాలుగైదు కలిసి చిన్న గుంపు కడితే దాన్ని పోత్రియే గుంపు అంటాం. పుస్తకంలో అన్నిటికంటే పెద్ద బొమ్మ అదే, తొలిదశ పలకల మీద అతి తక్కువగా దొరికేదీ అదే.

తోకచుక్క
పేరు గురించి ఎవరూ మాట్లాడట్లేదేం? మైకోసిస్ అంటే బూజు జబ్బు, ఫంగాయిడిస్ అంటే పుట్టగొడుగులాంటిది. కానీ బూజుకీ దీనికీ ఏ సంబంధం లేదు. 1806లో పారిస్‌లోని సాన్ లూయీ ఆసుపత్రిలో అలిబేర్ అనే చర్మవైద్యుడు ముఖం మీద పుట్టగొడుగుల్లా గడ్డలు లేచిన రోగిని చూసి వర్ణించాడు. చూపుకు తట్టిన పేరు అలాగే ఉండిపోయింది. రెండు వందల ఏళ్లు దాటినా జబ్బు మారు పేరుతోనే తిరుగుతోంది.

తర్వాత 1938లో సెజరీ అనే ఇంకో ఫ్రెంచి వైద్యుడు, ఒళ్లంతా ఎర్రబడ్డ రోగుల రక్తంలో వింత ఆకారపు పెద్ద కణాల్ని చూశాడు. అదే సెజరీ సిండ్రోమ్. ఇవన్నీ టీ కణాల జబ్బులేనని తేల్చి “చర్మపు టీ కణ లింఫోమా” అనే గొడుగు కిందికి తెచ్చింది 1970లలో.

పాతమచ్చ
పేరు సంగతి నన్నడగండి. మా బావమరిది “ఫంగస్” అనే ముక్క పట్టుకుని బూజు పౌడర్లు మూడు డబ్బాలు తెచ్చిపెట్టాడు. ఇంకా అలాగే ఉన్నాయి.

అరక్షరం
నేను జన్యు డేటా మీద పనిచేస్తాను, వైద్యుణ్ణి కాదు. పాతమచ్చ గారి ప్రశ్నకు జవాబు వచ్చేసింది కాబట్టి దాన్నుంచి పుట్టే రెండో ప్రశ్న ఎత్తుతాను. వారసత్వం కాకపోతే ఆ ఒక్క తల్లి కణానికి ఏమైంది?

క్యాన్సర్ జన్యుశాస్త్రంలో అందరూ చెప్పుకునే కథ దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌ది. 1960లో నోవెల్, హంగర్‌ఫర్డ్ ఆ రోగుల కణాల్లో ఒక పొట్టి క్రోమోజోమును చూశారు. 1973లో జానెట్ రౌలీ అది 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం వల్ల వచ్చిందని తేల్చారు. 2001లో ఆ అతుకు నుంచి పుట్టే ప్రోటీన్‌ను కట్టేసే ఇమాటినిబ్ వచ్చింది. ఒక తప్పు, ఒక మందు. అది విన్న ప్రతి రోగీ “మా జబ్బుకు అలాంటిది ఎప్పుడు?” అని అడుగుతాడు. న్యాయమే.

చర్మపు లింఫోమాలో ఆ ఒక్క తప్పు లేదు. 2015లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ బృందం జబ్బు రక్తంలోకి పాకిన 40 మంది రోగుల కణాల డీఎన్ఏను చదివింది. జబ్బును నడిపే మార్పుల్లో 92 శాతం అక్షర దోషాలు కావు, కాపీల తేడాలు. అంటే పుస్తకంలో అచ్చుతప్పు పడటం కాదు, పేజీలకు పేజీలు చిరిగిపోవడమో రెండేసి సార్లు బైండ్ అవడమో. సగటున ఒక్కో రోగిలో అలాంటివి పన్నెండు దాకా ఉంటే, అక్షర మార్పు ఒకటి. పోయిన పేజీల్లో టీపీ53, జెబ్1, సీడీకేఎన్2ఏ లాంటి కాపలా జన్యువులున్నాయి. చెడిపోయినవాటిలో టీ కణాన్ని రెచ్చగొట్టే తీగలు ఉన్నాయి: పీఎల్‌సీజీ1, కార్డ్11, సీడీ28, జాక్-స్టాట్ దారి. అదే ఏడాది ఇంకో రెండు మూడు బృందాలూ ఇంచుమించు ఈ జాబితాకే వచ్చాయి. కొన్నిట్లో సీడీ28, సీటీఎల్ఏ4 అనే రెండు జన్యువులు అతుక్కుపోయి కనిపించాయి. వీటిలో ఒకటి గ్యాసు పెడల్, ఒకటి బ్రేకు. బ్రేకు తొక్కితే బండి ఉరికేలా వైర్లు మార్చినట్టు.

రోగి రోగికీ జాబితా వేరు. అందుకే అందరికీ పనిచేసే ఒకే గుళిక రాలేదు.

రాత్రిడ్యూటీ
బ్రేకు తొక్కితే ఉరికే బండి. బాగా చెప్పావు తమ్ముడూ. మరి ఈ చదువులన్నీ రక్తంలోకి పాకినవాళ్ల మీదే ఎందుకు? మా వార్డుకొచ్చేవాళ్లలో ఎక్కువమందికి చర్మం మీద మచ్చలే కదా.

అరక్షరం
పట్టుకున్నారు. రక్తంలోంచి క్లోన్ కణాల్ని వేరుచేసి తీయొచ్చు. చర్మపు ముక్క తీస్తే అందులో చర్మ కణాలు, రక్తనాళాలు, మెలనోసైట్లు, జబ్బుతో పోరాడే మంచి టీ కణాలు, వీటి మధ్య కొద్దిగా క్లోన్. ఇసుకలో కలిపిన ఆవాలు ఏరడమే. తొలిదశ ముక్కలో క్లోన్ వాటా ఎంత తక్కువంటే, నిజమైన మార్పు ఏదో యంత్రం పొరపాటు ఏదో చెప్పడానికి రాత్రిళ్లు కూర్చోవాలి.

ఇంకో తలనొప్పి బయట ఎవరికీ తెలియదు. క్యాన్సర్ కణంలో కొత్తగా వచ్చిన మార్పు ఏదో తెలియాలంటే, అదే మనిషి ఆరోగ్యకరమైన డీఎన్ఏతో పోల్చాలి. ఊపిరితిత్తి క్యాన్సర్‌కైతే రక్తం తీసుకుంటాం. రక్త క్యాన్సర్‌కైతే చర్మం. సెజరీ సిండ్రోమ్‌లో రక్తంలోనూ జబ్బే, చర్మంలోనూ జబ్బే! ఉమ్ము తీసుకుందామా అంటే ఉమ్ములోనూ తెల్లకణాలుంటాయి. చివరికి రక్తంలోంచి టీ కణాలు కాని తెల్లకణాల్ని ఏరి పోలుస్తారు. నేను ఈ రంగంలోకి వచ్చిన కొత్తలో ఉమ్మును నమ్మి, కొట్టొచ్చినట్టు కనపడాల్సిన మార్పును “పుట్టుకతో వచ్చింది” అని జాబితాలోంచి తీసేశాను. మా సీనియర్ ఆ ఫైలు మీద ఎర్ర సిరాతో ఒక్క ప్రశ్నార్థకం పెట్టి వెనక్కి పంపారు. దాచుకున్నాను.

మూడోతరం
అరక్షరం గారి చివరి మాట నన్ను ఆపేసింది. మా ఇంట్లో మూడు తరాలుగా రొమ్ము, అండాశయ క్యాన్సర్లు. మాది బీఆర్‌సీఏ1 అనే జన్యువులో పుట్టుకతో వచ్చే మార్పు. కాబట్టి “జన్యువు అన్నంత మాత్రాన వారసత్వం కాదు” అని అందరినీ ఒకే గాటన కట్టి ధైర్యం చెప్పకండి. కొందరికి అది వారసత్వమే.

గాజుపలక
మీరన్నది నిజం. క్యాన్సర్లలో ఓ 5 నుంచి 10 శాతం పుట్టుకతో అందిన మార్పు వల్ల వచ్చేవి. 1971లో నడ్‌సన్ అనే వైద్యుడు కంటి లోపలి రెటీనా పొరకు క్యాన్సర్ వచ్చిన పిల్లల లెక్కలు చూసి చెప్పింది ఇదే: కాపలా జన్యువుకు రెండు కాపీలుంటాయి, రెండూ పోవాలి. మామూలుగా రెండు దెబ్బలూ ఒకే కణానికి బతుకులో తగలాలి, అది అరుదు. కొందరికి మొదటి దెబ్బ పుట్టుకతోనే ప్రతి కణంలో తగిలి ఉంటుంది. వాళ్లకు చిన్న వయసులో, తరచూ రెండు కళ్లకూ వస్తుంది. మీ కుటుంబానిది ఆ దారి. మైకోసిస్ ఫంగాయిడిస్‌ది కాదు. ఒకే ఇంట్లో ఇద్దరికి రావడం చాలా అరుదు.

తేడా ఎలా తెలుస్తుందంటే, పుట్టుకతో వచ్చిన మార్పు ఏ కణంలో చూసినా ఉంటుంది, చదివిన ప్రతుల్లో సుమారు సగం. క్లోన్‌లో వచ్చిన మార్పు క్లోన్‌లోనే ఉంటుంది. కాకపోతే సెజరీ రోగి రక్తంలో టీపీ53 మార్పు కనపడితే ఆ రక్తమే జబ్బు కాబట్టి కంగారుపడి పిల్లలందరికీ పరీక్షలు రాయకూడదు. వేరే కణజాలంలో సరిచూశాకే మాట్లాడాలి.

ఆరోగ్యధార
రక్తశుద్ధి జరిగితే ఏ లింఫోమా నిలవదు, 21 రోజుల కోర్సు వివరాలకు నాకు

పర్యవేక్షకుడు
పై పోస్టులో మిగతాది తీసేశాం. ఇది రెండోసారి. మూడోసారి ఉండదు.

ఎర్రతోలు
రక్తశుద్ధి అంటే గుర్తొచ్చింది. నాకు నిజంగానే రక్తం బయటికి తీసి ఎక్కిస్తారు. నాది సెజరీ.

ఈ జబ్బు ఎలా ఉంటుందో పుస్తకాల్లో “ఒళ్లంతా ఎరుపు, దురద” అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పొద్దున లేచి దుప్పటి దులిపితే పొట్టు గుప్పెడు రాలుతుంది. అరచేతులు బీటలు వారి, సీసా మూత తిప్పలేను. ఒంట్లో వేడి అంతా చర్మంలోంచి పోతుంది కాబట్టి అందరూ ఫ్యాను కింద ఉంటే నేను రెండు స్వెటర్లతో వణుకుతుంటాను. ముట్టుకుంటే మాత్రం ఒళ్లు కాలిపోతున్నట్టు ఉంటుంది.

నెలకు వరసగా రెండు రోజులు ఫోటోఫెరెసిస్. రక్తం తీస్తారు, యంత్రం తెల్లకణాల్ని విడదీస్తుంది, వాటిలో కాంతి తగిలితే పనిచేసే సోరాలెన్ అనే మందు కలిపి అతినీలలోహిత ఏ కాంతి కింద నడిపిస్తారు, తిరిగి నాలోకే ఎక్కిస్తారు. ఎడెల్సన్ బృందం 1987లో వేరే మందులకు లొంగని 37 మందిలో 27 మందికి గుణం కనిపించిందని ప్రచురించింది, మరుసటి ఏడే అమెరికాలో అనుమతి వచ్చింది. నాకు అయిదో నెలకు గానీ తేడా తెలియలేదు.

ఇంకోటి. నా దురద సగం తగ్గింది లింఫోమా మందుతో కాదు, యాంటీబయాటిక్‌తో. చర్మం మీది స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా విడిచే విషాలు ఆ చెడ్డ టీ కణాల్ని ఇంకా రెచ్చగొడతాయట. 2019లో డెన్మార్క్ వాళ్లు ముదిరిన రోగులకు గట్టి యాంటీబయాటిక్‌లు ఇచ్చి, క్లోన్ కణాలే తగ్గడం చూశారు. ఎవరూ సొంతంగా మింగకండి. డాక్టరును అడగండి, అంతే.

తోకచుక్క
ఒక చిక్కుముడి. చర్మపు లింఫోమా డీఎన్ఏలో అతినీలలోహిత కిరణాలు కాల్చిన గుర్తులున్నాయని చదివాను. డీఎన్ఏ అక్షరాల్లో సీ ఉండాల్సిన చోట టీ వచ్చే రకం, ఎండ వల్ల వచ్చే మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో ఉండేలాంటివే. మరి మనకిచ్చే చికిత్స కూడా అవే కిరణాలు! నిప్పుతో కాలినదానికి నిప్పే వైద్యమా?

అరక్షరం
గుర్తులున్న మాట నిజం. వింతేమిటంటే సెజరీ రోగి రక్తంలో తిరిగే కణాల్లోనూ అవి ఉన్నాయి. రక్తనాళంలోకి ఎండ పడదు. అంటే ఆ కణం వంశం ఏదో కాలంలో చర్మంలో కాపురం చేసి వచ్చిందన్నమాట. నాకు ఈ రంగంలో బాగా నచ్చిన ఆధారం ఇదే, డీఎన్ఏ తన పాత చిరునామా మోసుకు తిరుగుతోంది.

రాత్రిడ్యూటీ
కానీ మచ్చలు మొదలయ్యేది బట్టల కింద, ఎండ తగలని చోటే కదా! పాతమచ్చ గారికీ నడుము కిందే.

అరక్షరం
అవును, అక్కడే వాదన నడుస్తోంది. ఎండే జబ్బును పుట్టించిందనడానికి అది అడ్డొస్తోంది. నా మట్టుకు నేను ఎండను నిందితుల జాబితాలో ఉంచుతాను, శిక్ష వేయను.

గాజుపలక
చికిత్స సంగతి నేను చెప్తాను. సన్నని పట్టీ (న్యారోబ్యాండ్) అతినీలలోహిత బీ కిరణాలు చర్మంలో పైపైనే ఆగుతాయి. తొలిదశలో క్లోన్ ఉండేదీ పైపైనే. చర్మ కణాల కంటే ఆ టీ కణాలు తొందరగా చస్తాయి. మోతాదు కొలిచి ఇస్తారు, ఎన్నిసార్లు ఇచ్చారో లెక్క రాస్తారు. భయపడి మానేయకండి.

ఇంకో మాట. మార్పు ఉన్నంత మాత్రాన క్యాన్సర్ కాదని 2015లో ఒక అధ్యయనం చక్కగా చూపించింది. కంటి రెప్పల శస్త్రచికిత్సలో తీసేసిన మామూలు చర్మాన్ని 234 చిన్న ముక్కలు చేసి చదివారు. నలుగురు మనుషులవి, క్యాన్సర్ లేదు. అయినా 18 నుంచి 32 శాతం కణాల్లో క్యాన్సర్‌ను నడిపే రకం మార్పులున్నాయి. మనందరి రెప్పల మీదా అవి ఉన్నట్టే లెక్క.

తోకచుక్క
ఇప్పుడు రెప్ప వేయాలంటేనే భయంగా ఉంది మేడమ్.

ఎర్రతోలు
పరిశోధన కోసం మన కణాలు ఇవ్వమని అడిగితే ఏం చేస్తారు మీరంతా? నన్నడిగారు. సంతకం పెట్టే ముందు కొంత చదివాను. హట్ 78 అని సెజరీ రోగి నుంచి తీసి పెంచిన కణాలున్నాయి. వాటి నుంచి వచ్చిన హెచ్9 అనే వంశంలోనే 1984లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ గాలో ప్రయోగశాల ఎయిడ్స్ వైరస్‌ను పెద్ద ఎత్తున పెంచింది. రక్తపరీక్షకు కావాల్సిన వైరస్ అలా దొరికింది. అంతకుముందు 1980లో మనుషుల్లో మొట్టమొదటి రెట్రోవైరస్, హెచ్‌టీఎల్‌వీ-1, దొరికింది కూడా చర్మపు టీ కణ లింఫోమా అని నిర్ధారించిన రోగి కణాల్లోనే. మామూలు మైకోసిస్‌కు ఆ వైరసే కారణమన్న వాదన నిలబడలేదనుకోండి.

నేను సంతకం పెట్టాను. రెండు గొట్టాల రక్తం. నా దగ్గర మితిమీరి ఉన్నవి ఆ కణాలే, దాచుకుని ఏం చేస్తాను?

మూడోతరం
సంతకం పెట్టే ముందు ఒకటి అడగండి: ఆ డేటాలో కుటుంబానికి పనికొచ్చే పుట్టుక మార్పు ఏదైనా కనపడితే చెప్తారా, చెప్పరా? మాకు అలాగే తెలిసింది. ఫారంలో ఆ గడి చిన్నగా ఉంటుంది.

ఎర్రతోలు
ఇప్పుడే తీసి చూశాను. ఉంది. నేను టిక్కు పెట్టలేదు. రేపు వెళ్లి పెడతాను. థాంక్స్ అండీ.

పాతమచ్చ
డాక్టరు గారిని కలిశాను. లింఫు గ్రంథులు బాగానే ఉన్నాయి, రక్తంలో ఏమీ లేదు. వారానికి మూడుసార్లు కాంతి చికిత్స.

నిన్న సాయంత్రం మళ్లీ ఒక గొడవ. వేళ్లతో సహా ఒక అరచేయి అంటే ఒంటి చర్మంలో ఒక శాతం, పది శాతానికి లోపు ఉంటే దశ 1ఏ, పది దాటితే 1బీ అని మా అమ్మాయి ఎక్కడో చదివింది. పెన్ను పట్టుకుని, చెయ్యి ఆనించి, నా మచ్చలన్నీ కొలిచింది. మొత్తం పదకొండు వచ్చింది. డాక్టరు గారు 1ఏ అని రాశారు కదా అని మొహం వేలాడేసింది.

గాజుపలక
ఎవరి చేత్తో కొలిచింది?

పాతమచ్చ
తన చేత్తోనే.

గాజుపలక
రోగి చెయ్యే లెక్క. మళ్లీ కొలవమనండి.

పాతమచ్చ
ఏడు.